బావిలో మనిషి: నాగార్జునకొండ శిల్పంలో అన్యాపదేశం, కరుణ

మహాభారతం స్త్రీపర్వంలో, కొడుకులందరినీ పోగొట్టుకుని కుమిలిపోతున్న ధృతరాష్ట్రుడికి విదురుడు ఒక కథ చెబుతాడు. ఒక బ్రాహ్మణుడు క్రూరమృగాలు నిండిన ఘోరారణ్యంలో చిక్కుకుంటాడు. ఆ అడవి చుట్టూ వల పన్ని ఉంటుంది. భయంకరాకార అయిన ఒక స్త్రీ తన చేతులతో దాన్ని చుట్టివేసి ఉంటుంది. పరుగెత్తుతూ అతడు గడ్డీ తీగలూ కప్పేసిన బావిలో పడతాడు. తీగల అల్లికలో కాళ్లు చిక్కుకుని, తొడిమకు వేలాడే పనసపండులా తలకిందులుగా వేలాడతాడు. బావి అడుగున మహాసర్పం ఉంది. అంచున ఆరు ముఖాలూ పన్నెండు కాళ్లూ ఉన్న ఏనుగు తిరుగుతోంది. పైనున్న చెట్టును నల్లని, తెల్లని ఎలుకలు కొరుకుతున్నాయి. ఆ చెట్టుకొమ్మల్లో తేనెపట్టు ఉంది. దాని నుంచి కారే తేనెను ఆ మనిషి అదే స్థితిలో ఉండి తాగుతూనే ఉంటాడు. ఎంత తాగినా అతడికి దప్పిక తీరదు, బతుకుమీద ఆశా చావదు.

ఈ కథ పల్నాటి రాతిమీద ఉంది. నాగార్జునకొండలో బయటపడిన శిల్పాల మధ్య బావిలో మనిషి కథను గుర్తించి, 1937లో ఆ పేరుతోనే ఒక పరిశోధనవ్యాసం ప్రకటించినవాడు డచ్చి పండితుడు వోగెల్. తరువాతి కాలంలో మోనికా జిన్ ఈ కథ బొమ్మల పరంపరను అమరావతి మొదలుకొని నేటిదాకా అనుసరించి పరిశీలించారు. కథ ఎక్కడ పుట్టింది, ఏ దారిన ఏ దేశం చేరింది అన్న ప్రశ్నలపై ఇప్పటికే చాలా పని జరిగింది. ఇక్కడ విచారించదగినది వేరొక ప్రశ్న. ఆపదలో ఉన్న మనిషి బొమ్మ ముందు నిలబడి, ఈ ఏనుగు ఫలానా, ఈ పాము ఫలానా అని అర్థాలు పంచడం మొదలుపెట్టినప్పుడు, ఆ మనిషి ఏమవుతాడు? వ్యాఖ్యానం అతడిని చూడడానికి తోడ్పడుతుందా, చూడకుండా దాటిపోవడానికి తోడ్పడుతుందా?

రాయి చేయగల పని, చేయలేని పని ముందుగా తేల్చుకోవాలి. విదురుడి కథలో ముఖ్యమైన గుర్తులు కొన్ని శిల్పానికి లొంగనివి. ఎలుకల నలుపు తెలుపులు రాత్రింబవళ్లను సూచిస్తాయి. రంగు వేస్తే తప్ప సున్నపురాతిలో రెండు ఎలుకలూ ఒకే రంగు. తేనెబొట్టు కథకు ప్రాణం. రాతిలో అది నాలుగడుగుల దూరం నుంచి కనబడదు. దాని తీపి మరీ అందదు. దప్పిక తీరకపోవడం కాలంలో జరిగే సంగతి. చెక్కిన మనిషి ఒక్క క్షణంలోనే నిలిచిపోతాడు. వీటికి బదులుగా శిల్పానికి ఉన్న బలం ఒకటుంది. మాటల్లో పామూ, ఏనుగూ, ఎలుకలూ ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. తేనె దగ్గరికి వచ్చేసరికి వినేవాడు పామును సగం మరిచిపోతాడు. శిల్పంలో అన్నీ ఒకేసారి ఎదురుగా ఉంటాయి. వేలాడే దేహాన్ని వదిలి కన్ను ఎటు కదిలినా ఏదో ఒక ప్రమాదానికే తగులుతుంది.

ఆ కాలపు చూపరికి ఇలాంటి రాతిని చదవడం కొత్త కాదు. కృష్ణాతీర శిల్పులు ఒకే చట్రంలో కథలోని వేర్వేరు ఘట్టాలను కూర్చడంలో ఆరితేరినవారు. ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి వర్తులఫలకంలో నలగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకచోట మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతూ, మరొకచోట బుద్ధుడి ముందు మోకరిల్లి. రెండు ఏనుగులున్నాయని ఎవరూ అనుకోరు. మధ్యలో కాలం గడిచిందని తెలుసుకుంటారు. ఆ ఏనుగు కథలోని ఏనుగు, రాజగృహం వీధుల్లో తిరిగిన ఏనుగు. బావి అంచున ఉన్న ఏనుగు అలాంటిది కాదు. అది ఏ ఊరిదీ కాదు, ఏ రోజునా తిరగలేదు. అయితే రెండింటినీ చెక్కిన ఉలి ఒక్కటే, పద్ధతీ ఒక్కటే. ఇది జరిగిన ఏనుగు, ఇది భావించవలసిన ఏనుగు అని రాయి తనంతట తాను చెప్పదు. ఆరు ముఖాలు చెక్కితే చూపరికి అనుమానం కలిగేది. ఒక్క ముఖమే ఉంటే, దాన్ని మామూలు ఏనుగుగా చూసేవాడిని తప్పుపట్టడానికి ఆధారం లేదు.

దీన్ని తెలుగు విద్యార్థికి పరిచితమైన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పవచ్చు. విదురుడు కథ చెప్పి, తరువాత వివరణ ఇస్తాడు. అడవి సంసారం, మృగాలు వ్యాధులు, అడవిని చుట్టిన స్త్రీ ముసలితనం, బావి దేహం, అడుగున ఉన్న పాము కాలం, తీగ జీవితాశ, ఏనుగు సంవత్సరం, దాని ఆరు ముఖాలు ఋతువులు, పన్నెండు కాళ్లు మాసాలు, తేనెటీగలు కోరికలు, తేనె కామరసం. అంగాంగానికీ ఉపమేయం చెప్పిన ఈ పద్ధతి సావయవ రూపకం. శిల్పంలో ఉపమేయాలు లేవు, ఉపమానాలు మాత్రమే ఉన్నాయి. అప్పయ్యదీక్షితులు కువలయానందంలో రూపకాతిశయోక్తి అన్నది దీన్నే. అందులో విషయాన్ని విషయి మింగివేస్తుంది. ఆలంకారికులు దీనికి వాడిన మాట నిగరణం, అంటే మింగడం. బావి అడుగున నోరు తెరిచిన పాము ఉన్న బొమ్మకు ఇంతకంటే తగిన పరిభాష దొరకదు.

కవిత్వంలో మింగబడిన విషయాన్ని సహృదయుడు తిరిగి పట్టుకుంటాడు, ఎందుకంటే కవిసమయాలు అతడికి సాయం చేస్తాయి. చంద్రబింబం అంటే ముఖమని తెలియని పాఠకుడు ఉండడు. బావి కథకు అలాంటి స్థిరమైన సంకేతం లేదు. చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఎనిమిదో శతాబ్ది తొలినాళ్లలో చైనా భాషలోకి అనువదించిన బౌద్ధ ఉపమానసూత్రంలో బుద్ధుడు ఈ కథను ప్రసేనజిత్తు మహారాజుకు చెబుతాడు. అక్కడ తరిమే ఏనుగు అనిత్యత. బావి చావుపుట్టుకల చక్రం. నాలుగు వైపులా ఉన్న నాలుగు పాములు భూతచతుష్టయం. చెట్టును కాల్చే కార్చిచ్చు ముసలితనం, రోగం. హరిభద్రసూరి సమరాయిచ్చకహా వంటి జైనకథల్లో ఏనుగు మృత్యువు, నాలుగు పాములు నాలుగు కషాయాలు. అంటే ఒకే ఏనుగు వ్యాసుడి దగ్గర సంవత్సరం, బౌద్ధుడి దగ్గర అనిత్యత, జైనుడి దగ్గర మరణం. స్థూలంగా ఇవి చుట్టాలే. అయినా సంవత్సరాన్ని చూసి పరుగెత్తేవాడెవడూ ఉండడు. మరణాన్ని చూసి పరుగెత్తుతారు. అర్థం మారితే మనిషి ముఖంలో చూడవలసిన భయం కూడా మారుతుంది.

నాగార్జునకొండ బౌద్ధక్షేత్రం కాబట్టి బౌద్ధ అర్థమే తీసుకోవాలి అనడం తొందరపాటు. విజయపురిలో మతాలు గోడలు కట్టుకుని బతకలేదు. అశ్వమేధ, వాజపేయాది క్రతువులు చేసినవాడిగా శాసనాలు కీర్తించిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి సోదరి శాంతిశ్రీయే మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనాసంవత్సరంలో ఆ నిర్మాణం జరిగింది. అదే లోయలో తరువాతి తరంలో పుష్పభద్రస్వామికి, కార్తికేయుడికి గుడులు వెలిశాయి. ఒకే ఇంటిలో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు చైత్యానికి దానమిచ్చిన ఊరిలో, ఈ ఫలకం ముందు నిలిచినవారిలో ఒకరికి భారతకథ, మరొకరికి బుద్ధవచనం తోచి ఉంటాయనుకోవడం అసంభావ్యం కాదు. ప్రదక్షిణదారిలో భిక్షువు ఎవరైనా పక్కన నిలిచి చెప్పినప్పుడు మాత్రమే ఒక అర్థం స్థిరపడి ఉంటుంది. చేర్యాల నకాషీ పటాన్ని విప్పి, కర్రతో ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ కథ చెప్పేవారిని చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కథకుడు వెళ్లిపోయాక పటం మిగులుతుంది. దానిలోని మనుషులు ఎవరికి ఏమవుతారో మాత్రం చెప్పే గొంతు ఉండదు.

బొమ్మలోనే ఆ గొంతును ఇమిడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. ఈ కథ అరబ్బీ, గ్రీకు, లాటిన్ భాషల మీదుగా బర్లాం, జోసఫత్‌ల చరిత్రలో భాగమై యూరప్ చేరింది. దారిలో ఏనుగు ఒంటికొమ్ము మృగమైంది. ఇటలీలో పార్మా నగరపు బాప్టిస్టరీ దక్షిణద్వారం మీద అంతెలామి శిల్పంలో ఒక మనిషి చెట్టులో తేనె కోసం చేయి చాస్తుంటాడు. కింద నిప్పులు కక్కే మహాసర్పం, మొదలు కొరికే రెండు జంతువులు. ఆ శిల్పి ఇరుపక్కలా సూర్యచంద్రులను చెక్కాడు. జంతువులకు రాతిలో నలుపు తెలుపులు రావు కాబట్టి, అవి పగలూ రాత్రీ అని చెప్పడానికి ఇదొక ఉపాయం. ఒక రకంగా ఇది రాతిలో రాసిన టిప్పణి.

ఇంతకంటే దూరం పోయిన ఉదాహరణ 1561లో జార్జియో ఘీసీ రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన చిత్రం. దాన్ని జీవితపు అన్యాపదేశమని, రఫాయెల్ కల అని రెండు పేర్లతో పిలుస్తారు. రాళ్లూ నీళ్లూ వింతజంతువులూ చుట్టుముట్టిన చోట, పగిలిన పడవ పక్కన, ఒక ముసలివాడు చెట్టుమానుకు ఆనుకుని ఉంటాడు. కుడివైపు నుంచి ఒక దేవతాస్త్రీ వస్తుంటుంది. చిత్రంలోనే రెండు పలకల మీద వర్జిల్ కావ్యవాక్యాలు ఉన్నాయి. ఒకటి నరకంలో శాశ్వతంగా కూర్చుండిపోయిన అభాగ్యుడి గురించి, మరొకటి ఆపదలకు లొంగక ఎదురు నడవమని చెప్పే ప్రోత్సాహం. ఇన్ని మాటలు చిత్రంలోనే ఉన్నా నాలుగున్నర శతాబ్దాలుగా దాని అర్థం తేలలేదు. మ్యానరిస్టు కళ అని పేరుపడిన ఆ ధోరణికి ఈ చిక్కుముడే ఆనందం. చూపరి పాండిత్యాన్ని పరీక్షించడం దాని మర్యాద. పలకలు పెట్టినందువల్ల చిత్రం విడిపోకపోగా మరింత ముడిపడింది. తాళంచెవి వెతకడంలో మునిగిన విద్వాంసులు ఆ ముసలివాడికి ఎటువైపు దారి ఉంది అని అడగడం అరుదు. నాగార్జునకొండ ఫలకం చుట్టూ అంత పాండిత్యం పేరుకోకపోవడం ఒక విధంగా మేలే చేసింది.

పల్నాటివారికి బొమ్మతో మరొక రకమైన సంబంధం కూడా తెలుసు. దాన్ని అన్యాపదేశంతో కలిపివేయకూడదు. కారెంపూడిలో కార్తికమాసంలో జరిగే వీరుల ఉత్సవానికి ఆచారవంతులు తమ ఊళ్లనుంచి వీరుల ఆయుధాలను తెస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదురోజులు గడుస్తాయి. ఆ ఆయుధం వీరుడికి గుర్తు అని పండితుడు అనవచ్చు. మోసేవాడు అలా అనుకోడు. అతడికి వీరుడే వచ్చాడు. ఇక్కడ ఉపమానం, ఉపమేయం అనే విభజనే లేదు. అన్యాపదేశంలో వస్తువు తనను తాను తప్పించుకుని మరొకదానికి చోటు ఇస్తుంది. కారెంపూడిలో వస్తువు తప్పుకోదు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే, బావిలో వేలాడే మనిషిని తప్పించివేయడానికి కలిగే తొందర ఎంత బలమైనదో తెలుస్తుంది.

స్త్రీపర్వానికి తిరిగి వస్తే, ఈ తొందరకు విరుద్ధంగా నడిచే శ్రోత అక్కడే ఒకడున్నాడు. కథ ముగిసి, వివరణ మొదలుకాకముందు ధృతరాష్ట్రుడు మాట్లాడతాడు. అయ్యో, ఎంత కష్టంలో ఉన్నాడు ఆ మనిషి అంటాడు. అలాంటి చోట అతడికి సంతోషం, తృప్తి ఎలా కలుగుతున్నాయని అడుగుతాడు. ఆ చోటు ఎక్కడుంది, ఆ మహాభయం నుంచి అతడు ఎలా బయటపడతాడు అని అడుగుతాడు. అతడిని పైకి లాగాలని తనకు గొప్ప దయ కలిగిందని, అందుకు తగిన ప్రయత్నం చేద్దామని కూడా అంటాడు. అప్పుడు విదురుడు, ఇది మోక్షవిదులు చెప్పిన ఉపమానం అని వివరిస్తాడు.

ధృతరాష్ట్రుడి మాటలను అమాయకత్వంగా తీసుకుని నవ్వుకోవడం సులువు. ఉపమానం తెలియక కథను నిజమనుకున్నాడు, చుట్టూ ఉన్నదాన్ని చూడలేని రాజు వినబడ్డదాన్నీ గుర్తుపట్టలేకపోయాడు అని ఎత్తిపొడవవచ్చు. అందులో కొంత నిజముంది. జూదసభలో పక్కనే జరిగిన అన్యాయాన్ని ఆపడానికి ప్రయత్నం చేద్దామని అనని రాజు, కథలోని అపరిచితుడి కోసం అనడం భారతకవి వేసిన చురక కాకపోదు. అయినా ఆ మూడు ప్రశ్నలను మరొకసారి చూడాలి. పుట్టుగుడ్డి అయిన రాజుకు ఆ కథలోని నలుపు లేదు, తెలుపు లేదు, ఆరు ముఖాల ఏనుగూ లేదు. విదురుడు చెప్పిన దృశ్యమంతటిలో అతడికి అందింది ఒక్కటే: వేలాడుతున్న మనిషి కష్టం. కళ్లున్నవారు గుర్తులు లెక్కపెట్టడానికి వెళ్లేచోట, కళ్లు లేనివాడు మనిషి దగ్గర ఆగాడు. ఉపమేయం తెలియకుండానే అతడు అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ తృప్తి ఎలా కలుగుతుంది అన్నది, కథ మర్మానికి విదురుడి జాబితా కంటే దగ్గరగా ఉంది.

ఆనందవర్ధనుడి విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. వాచ్యార్థాన్ని పూర్తిగా తోసివేసి వ్యంగ్యానికి పోయే పద్ధతిని అతడు అత్యంతతిరస్కృతవాచ్యం అన్నాడు. వాచ్యార్థం కూడా వివక్షితమై ఉండి, దానిమీదుగా వేరొకదాన్ని స్ఫురింపజేసే పద్ధతి వివక్షితాన్యపరవాచ్యం. అన్యాపదేశాన్ని సాధారణంగా మొదటి రీతిగానే చదవడం అలవాటైంది: అర్థం దొరికాక కథ పారవేయదగిన పెంకు. బావి కథను అలా చదివితే అది నిలవదు. తేనె కామరసమని తెలిసినంత మాత్రాన ఎవరికీ ఏమీ కలగదు. చావు అంచున వేలాడుతూ నాలుక చాచిన మనిషిని చూసి ముందు జాలి, వెంటనే విసుగు, ఆ తరువాత ఎక్కడో గుచ్చుకున్నట్టు తనను తాను పోల్చుకోవడం, ఈ వరుసలోనే కథ పనిచేస్తుంది. జాలి అనే మెట్టు తీసేస్తే పోల్చుకోవడం అనే మెట్టుకు కాలు అందదు. వ్యంగ్యం వాచ్యంలోని మనిషి మీద ఆధారపడి ఉంది. కాబట్టి అతడు వివక్షితుడే.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది బలమైనది. జాలి దగ్గరే ఆగిపోయేవాడికి కథ ఏమీ చేయదు. పరాయివాడి కష్టానికి కరిగిపోవడం తన కష్టాన్ని, తన తప్పును చూడకుండా తప్పించుకునే సుఖమైన మార్గం. విదురుడి వివరణ అవసరమైంది అందుకే: బావిలో ఉన్నవాడు నువ్వే, ఎవరి కోసమో ప్రయత్నం చేద్దామనడానికి వీలులేదు అని చెప్పడానికి. ఈ ఆక్షేపణను తోసివేయలేం. వివరణ లేకుండా ధృతరాష్ట్రుడి కరుణ గురి తప్పుతుంది. కానీ వివరణ ఇచ్చాక ఏం జరిగిందో కూడా చూడాలి. ఆ సంగతి చివర చెప్పవలసి ఉంది. దానికి ముందు నాగార్జునకొండ విషయంలోనే మరొక మాట.

1926లో వెలుగులోకి వచ్చిన ఈ స్థలాన్ని 1927 నుంచి లాంగ్‌హర్‌స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. లోయ మునిగేలోగా 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. కట్టడాలు కొన్నింటిని కొండమీద, కొన్నింటిని ఆవలి ఒడ్డున అనుపులో తిరిగి నిలిపారు. కొండ ద్వీపమైంది, మాచర్ల వైపు నుంచి వెళ్లేవారు విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కి మ్యూజియం చేరుతారు. ఈ మునకను చూసి, ఇదీ అనిత్యతే, ఇదీ బావి కథే అని రాయడం పల్నాటిపై వచ్చిన రచనల్లో పరిపాటిగా మారింది. అందమైన మాటే. అయితే ఆ నీటికింద పోయినవాటిలో జనం కాపురమున్న ఊళ్లూ, దున్నుకున్న పొలాలూ ఉన్నాయి. వాటిని వదిలి వచ్చినవారికి అది ఉపమానం కాలేదు. వారి విషయంలో అడగవలసినవి ధృతరాష్ట్రుడి ప్రశ్నలే: ఆ చోటు ఎక్కడ, ఎలా బయటపడ్డారు, ఎవరైనా ప్రయత్నం చేశారా. అనిత్యత అన్న ఒక్క మాట ఈ మూడింటినీ ఒకేసారి నోరు మూయించగలదు. నిగరణమంటే ఇదే.

విదురుడు బావి కథను విప్పి చెప్పడం పూర్తయింది. సంసారచక్రం తిరుగుడు తెలిసినవారు ఆ చక్రానికి కట్టిన తాళ్లను తెంచుకుంటారని కూడా చెప్పాడు. అది విన్న ధృతరాష్ట్రుడు తరువాతి అధ్యాయం మొదట్లో ఆ మనిషి ఊసెత్తడు. బయటికి లాగే ప్రయత్నం మాట మళ్లీ రాదు. ఆ మనిషి తానేనన్న మాట కూడా అతడి నోట రాదు. తత్త్వదర్శివైన నువ్వు చక్కని ఆఖ్యానం చెప్పావు, అమృతం వంటి నీ వాక్కును ఇంకా వినాలని సంతోషంగా ఉంది అంటాడు. కాసేపటి క్రితం, అలాంటి చోట తృప్తి ఎలా కలుగుతుందని అడిగినవాడు అతడే. నూరుగురు కొడుకుల శవాలు ఇంకా కురుక్షేత్రంలోనే పడి ఉన్నాయి. విదురుడు మళ్లీ చెప్పడం మొదలుపెడతాడు, రాజు వింటాడు.

నాగార్జునకొండ రాతిలో విదురుడు లేడు, రాజు లేడు. బావి ఉంది, అందులో మనిషి ఉన్నాడు.